శిఖరం లేని అగ్నిపర్వతం

అగ్నిపర్వతమనగానే మన మనోనేత్రం ముందు నిలిచేది కోసుగా లేచిన శిఖరం, దాని నెత్తిన పొగ. క్రీ.శ. 79లో పాంపే నగరాన్ని బూడిదలో పూడ్చివేసిన వెసూవియస్ అటువంటిదే. మా తుమ్మపాల చుట్టూ ఉన్న కొండలను చూపి, "ఇవి కూడా ఒకనాడు నిప్పులు కక్కినవేనా?" అని పిల్లలు అడుగుతుంటారు. కావు. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఖోండలైటు, భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపుమారిన ప్రాచీన అవక్షేప శిల. ఆ కనుమలలో నివసించే ఖోండుల పేరే దానికి పెట్టారు.

అయితే తెలుగునేల లావాను ఎరుగనిది కాదు. రాజమహేంద్రవరం వద్ద గోదావరికి ఇరువైపులా, కాతేరు, పంగిడి, గౌరీపట్నం ప్రాంతాలలో నల్లని బసాల్టు శిల బయల్పడి ఉంది. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి లావా. దక్కను పీఠభూమిని కప్పిన లావాయే ప్రాచీన నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రతీరాన్ని చేరిందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

అంతటి లావా పొంగినప్పుడు మహాశిఖరమేదీ? ఈ సందేహానికి సమాధానం మా అనకాపల్లి రైతుకు సులభంగా బోధపడుతుంది. చెరకు పానకం లేతపాకంలో ఉన్నప్పుడు నేలపై ఒలికితే పలుచగా పరచుకొని పోతుంది. ముదిరిన తరువాత అయితే పడినచోటనే దిమ్మ కడుతుంది. సిలికా పాలు ఎక్కువైన లావా ముదురుపాకం వంటిది. అది బిలం చుట్టూ పేరుకొని నిటారైన కొండ అవుతుంది. సిలికా తక్కువగా గల బసాల్టు లావా లేతపాకం. దక్కనులో అది నేల నెర్రెల గుండా ఉబికి, పొరమీద పొరగా పరచుకొన్నది. కనుకనే మన అగ్నిపర్వతానికి తల లేదు, ఒళ్లు మాత్రమే ఉంది!

నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆ పొరల నడుమ ఉన్న విరామం. గోదావరి తీరాన ఒక లావా పొరకూ మరొక పొరకూ మధ్య సున్నపురాయి, బంకమన్ను, నత్తగుల్లల శిలాజాలు ఉన్నాయి. అగ్ని శాంతించిన కాలంలో ఉప్పునీరు వచ్చి నిలిచిందన్నమాట. అందులోని సూక్ష్మజీవుల అవశేషాలను పరిశీలించిన గెర్టా కెల్లర్ బృందం, అవి డైనోసార్లు అంతరించిన వెనువెంటనే జీవించినవని 2008లో ప్రకటించింది. ఆ మహావినాశనంలో లావా పాత్ర ఎంత, ఆకాశం నుండి పడిన ఉల్క పాత్ర ఎంత అన్న వాదానికి మన గోదావరి గట్టు ఒక సాక్షి.

ఆ సాక్షిని వెలికితీసినవి క్వారీలే. కొండను నిలువునా కోసినందువల్లనే లోపలి పొరలు పండితుల కంటబడ్డాయి. కాని ఆ క్వారీలే వాటిని కంకరగా మార్చి, మన రోడ్ల కిందికి పంపివేస్తున్నాయి కూడా. రోడ్లు వద్దని నేననను. ఒక్క గోడనైనా కోయకుండా విడిచిపెట్టవచ్చును గదా!

గౌరీపట్నం వైపు నేను చూచిన ఒక క్వారీలో కింద నల్లని పొర, పైన నల్లని పొర, నడుమ మూరెడు మందాన లేతరంగు పట్టీ ఉన్నాయి. ఆ పట్టీలోని రాయి కంకరకు పనికిరాదట. దానిని వేరుచేసి బాట పక్కన కుప్పగా పోశారు. ఆ కుప్పను చేతితో కదిపితే చిటికెనవేలి గోరంత నత్తగుల్ల ఒకటి, చుట్లు చెదరకుండా, అరచేతిలోకి వచ్చింది.