తాపీ తీరాన యుద్ధ తీర్మానాలు

రెండో ప్రపంచ యుద్ధంలో భారత్ ఏం చేయాలన్న ప్రశ్న సూరత్ జిల్లాలోని రెండు చోట్ల తీర్మానాలుగా మారింది. వజ్రాలు, చీరల హడావుడిలో ఆ చరిత్రను పట్టించుకునే యాత్రికులు తక్కువే.

సూరత్‌లో రైలు దిగినవారికి ముందుగా ఎదురయ్యేది వ్యాపారమే. రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి చీరల మూటలు లారీలకెక్కుతుంటాయి. వరాచా వీధుల్లో వజ్రాలు సానపట్టే కార్ఖానాలు వరుసగా కనిపిస్తాయి. లింబాయత్ వైపు వెళితే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలూ వినిపిస్తాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలవి.

ఎక్కడో జరిగే యుద్ధాలు తన గుమ్మం తొక్కడం ఈ నగరానికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు దాడులను తట్టుకోవడానికి తాపీ ఒడ్డున కోట కట్టారు. 1612లో దగ్గర్లోని సువాలీ రేవు ఎదుట ఇంగ్లిష్, పోర్చుగీసు నౌకలు తలపడ్డాయి. 1759లో ఈస్టిండియా కంపెనీ ఆ కోటను చేజిక్కించుకునేనాటికి యూరప్ నుంచి అమెరికా దాకా ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది. ఇటీవల బాగుచేసి మ్యూజియంగా మార్చిన ఆ కోట గోడలపై నిలబడితే కింద తాపీ నది కనిపిస్తుంది. అసలు కథ మాత్రం నగరం దాటాక, తూర్పున చెరకు తోటల మధ్య ఉంది.

బార్డోలీ పేరు వినగానే 1928 నాటి రైతు సత్యాగ్రహం, వల్లభ్‌భాయ్ పటేల్ గుర్తొస్తారు. అక్కడి నుంచి కడోద్ మీదుగా వెళితే తాపీ ఒడ్డున హరిపురా గ్రామం. 1938 ఫిబ్రవరిలో కాంగ్రెస్ 51వ మహాసభ కోసం అక్కడ ఏకంగా ఒక పట్టణమే వెలిసింది. విఠల్‌భాయ్ పటేల్ స్మృతిగా దానికి విఠల్‌నగర్ అని పేరు పెట్టారు. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎద్దులు లాగిన రథంపై ఊరేగించారు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్లు.

గాంధీ కోరిక మేరకు శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్ సభా ప్రాంగణాన్ని అలంకరించారు. డప్పు కొట్టేవాడు, దూదేకేవాడు, వడ్రంగి, దంచే స్త్రీ ఆ బొమ్మల్లో కొలువుదీరారు. హరిపురా పోస్టర్లుగా పేరుపడ్డ వీటిలో చాలావరకు నేడు ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి.

ఆ బొమ్మల నడుమ సాగిన చర్చ మాత్రం ప్రపంచం గురించి. అప్పటికే చైనాపై జపాన్ విరుచుకుపడింది. యూరప్‌లో యుద్ధమేఘాలు కమ్ముకుంటున్నాయి. సామ్రాజ్యవాద యుద్ధంలో భారత్ భాగస్వామి కాబోదని, తన మనుషులనూ వనరులనూ బ్రిటన్ అవసరాలకు వాడుకోనివ్వదని, ప్రజల స్పష్టమైన సమ్మతి లేకుండా ఏ యుద్ధంలోనూ చేరదని మహాసభ తీర్మానించింది. అలాగని ప్రపంచం గోల తనకెందుకని ఊరుకోలేదు. చైనాకు సానుభూతి తెలిపి, జపాన్ సరుకులు కొనవద్దని పిలుపునిచ్చింది. అదే ఏడాది కాంగ్రెస్ తరఫున చైనాకు వెళ్లిన ఐదుగురు వైద్యుల్లో ద్వారకానాథ్ కోట్నిస్ ఒకరు.

ఏడాది తిరిగేసరికి హరిపురా ఐక్యత చెదిరింది. 1939 జనవరిలో గాంధీ బలపరిచిన ఆంధ్ర నేత భోగరాజు పట్టాభి సీతారామయ్యను రెండు వందల పైచిలుకు ఓట్లతో ఓడించి బోస్ మళ్లీ అధ్యక్షుడయ్యారు. ఏప్రిల్‌లోనే రాజీనామా చేయాల్సి వచ్చింది. 1907లో అతివాదులు, మితవాదులు చెప్పులు విసురుకునే దాకా వెళ్లి చీలిపోయిందీ సూరత్‌లోనే అని గుజరాతీలు గుర్తుచేసుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

సమ్మతి మాటను బ్రిటన్ ఎంత లెక్కచేసిందో 1939 సెప్టెంబర్ 3న తేలిపోయింది. ఏ ప్రజాప్రతినిధినీ సంప్రదించకుండానే వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారత్ యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించేశారు. నిరసనగా కాంగ్రెస్ రాష్ట్ర ప్రభుత్వాలు రాజీనామా చేశాయి.

1941 డిసెంబర్ 7న జపాన్ పెరల్ హార్బర్‌పై దాడి చేయడంతో ప్రశ్న మరింత జటిలమైంది. ఆ నెలాఖరులో కాంగ్రెస్ కార్యవర్గం బార్డోలీలో సమావేశమైంది. దురాక్రమణకు గురైన ప్రజల పట్ల సానుభూతి ఉందని, అయితే దేశ రక్షణ భారం మోయగలిగేది స్వతంత్ర భారతం మాత్రమేనని తీర్మానించింది. అంటే, స్వాతంత్ర్యమిస్తే ఆయుధం పట్టడానికీ సిద్ధమేనన్నమాట. అహింసే ప్రాణంగా ఉన్న గాంధీకి అది మింగుడుపడలేదు. నాయకత్వ బాధ్యత నుంచి తప్పించమని కోరారు. నిర్మాణ కార్యక్రమంపై తన చిన్న పుస్తకాన్ని ఆయన రాసింది ఆ నెలలోనే, సేవాగ్రామ్ నుంచి బార్డోలీకి వస్తున్న రైల్లో. బార్డోలీలోని స్వరాజ్ ఆశ్రమం నేటికీ ఉంది. పటేల్ కోసం వచ్చేవారికి ఈ రెండో కథను విప్పి చెప్పేవారు అరుదు.

తీర్మానాలు కాగితాలపై ఉండగానే యుద్ధం ఇంటిలోకొచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి. బెంగాల్‌లో 1943 కరువు సుమారు 30 లక్షల మందిని బలితీసుకుంది. మరోవైపు, 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు చేరింది. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో, బర్మాలో మనవాళ్లు పోరాడారు. కొందరిని జీతం రప్పించింది, కొందరిని వంశాచారం, ఇంకొందరిని ఫాసిజంపై ద్వేషం. దాదాపు 87 వేల మంది తిరిగిరాలేదు. హరిపురా రథంపై ఊరేగిన బోస్ 1944లో ఆజాద్ హింద్ ఫౌజ్‌ను జపాన్ సేనల వెంట ఇంఫాల్ దిశగా నడిపించారు. అక్కడ రెండు వైపులా భారతీయులే. ఎవరు దేశం కోసం పోరాడారన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

లెక్కల్లో మాత్రం ఒకటి తేలింది. యుద్ధం ముగిసేసరికి భారత్‌కు బ్రిటన్ దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీపడింది. సమ్మతి అడగని యుద్ధానికి భారతీయులు మనుషులను, ధాన్యాన్ని, బట్టను అప్పుగా ఇచ్చినట్టయింది.

ఆ నాటి ప్రశ్న ఇప్పుడు సూరత్‌కు మరో రూపంలో ఎదురైంది. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగాక ముడి వజ్రాల రాక తగ్గింది. 2024లో జీ-7 దేశాలు రష్యా వజ్రాలను నిషేధించి, మార్చి నుంచి ఇతర దేశాల్లో సానపట్టినవాటికీ ఆంక్షలు వర్తింపజేశాయి. అసలే గిరాకీ పడిపోయిన వరాచాలో పని దొరకని వారాలు పెరిగాయి. ఆ యుద్ధంలో ఏ పక్షాన ఉంటావని సానపట్టే కార్మికుణ్ని అడిగినవారు లేరు. హరిపురాలో నందలాల్ బోస్ గీసిన వడ్రంగి, దూదేకేవాడి తరఫున 1938లో సభ లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇదే.