పలువరుస కొలత

దానిమ్మగింజలవంటి పలువరుసయని కవులు వర్ణించుట చదువరులెఱిగినదే. పైవరుస గింజలును క్రిందివరుస గింజలును కొలతలో ఒండొంటికి పొసగవలెనను సంగతి మాత్రము దంతవైద్యులు చెప్పవలసి వచ్చినది.

మా పెద్దకుమార్తెకు పైదంతముల నడుమ సందులుండెను. తోడిపిల్లలు పరిహసింతురని నవ్వునప్పుడెల్ల అరచేయి నోటికడ్డము పెట్టుకొనుచుండెడిది. రెండేండ్లు తీగెలు వేయించితిమి. దంతములు వరుసకు వచ్చెను గాని, సందులు మూసినచో పైవరుస క్రిందివరుసతో సరిగా కలియదు. కలిపినచో సందులు విడును. వైద్యుడు సొమ్ము తిని పని చెఱచెనని బంధువులనిరి. ఆ మాటయే అడుగుదమని మేము పోతిమి.

ఆయన కోపింపక, ప్లాస్టరుతో పోసిన రెండు అచ్చులను బల్లపై నుంచి, ఒక్కొక్క దంతపు వెడల్పును మాయెదుటనే కొలిచెను. 1899లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అను వైద్యుడు దంతముల పొందికను మూడు తరగతులుగా విభజించెను. ఆయన చూపు ముఖ్యముగా మొదటి పెద్ద దవడదంతములపై నుండెను. వెడల్పుల లెక్క అందు లేదు. 1958లో ఆ దేశమువాడే యగు వేన్ బోల్టన్, చక్కగా పొసగిన 55 పలువరుసలను కొలిచి లెక్క కట్టెను. కోరలతో కూడ క్రింది ఆరు ముందుదంతముల మొత్తపు వెడల్పు, పై ఆరింటి వెడల్పులో నూటికి 77.2 వంతులుండవలెను. పండ్రెండేసి దంతములను గైకొన్నచో 91.3 వంతులు.

మా పిల్లకు క్రింది ఆరును 37 మిల్లీమీటర్లు, పై ఆరును 45.5. పైవి సుమారు 48 ఉండవలసినది. (లెక్కల తరగతిలో కునుకుతీయు విద్యార్థులు గమనింతురు గాక, ఇది త్రైరాశికమే!) లోటు రెండున్నర మిల్లీమీటర్లకు లోపే, అయినను నోటిలో అది దాగదు. నడిమి దంతములకు ఇరుప్రక్కల నుండు పై చిన్నదంతములు కొందఱికి పుట్టుకతోనే సన్ననై మేకువలె నుండును. ఇది వంశమున వచ్చుటయు గలదు. మా తల్లిగారికిని అట్టివే యుండెను. ఆమెకు కొలిచినవారు లేరు.

తీగె దంతమును జరపగలదు గాని పెంచలేదు. కావున చిన్నదంతమునకు ఇరువైపుల కొలిచిన చోటు విడిచి, దంతపు రంగుగల రెసినుతో దానిని వెడల్పు చేసిరి. క్రిందిదంతములే వెడల్పైన వారికి, వాని ప్రక్కలను మిక్కిలి పలుచగా అరగదీయుదురట. బోల్టను లెక్క అన్ని జాతులవారికి అక్షరాల సరిపోదని తరువాతివారు చూపిరి. దానిని సూచనగానే కొనవలెను.

ఈ కొలత తీగెలకు ముందే తీసి మాకు చెప్పియుండిన, రెండేండ్ల అనుమానము తప్పెడిది. ఈ మాట వైద్యునితోనే యంటిమి, ఆయన కాదనలేదు. తీగెలు వేయించబోవు తల్లిదండ్రులు ముందుగా అడుగుట మేలు.

రెసిను గట్టివి కొఱికిన పెచ్చులూడునట. సంక్రాంతికి చెఱకుగడ ముట్టరాదనిరి. రెండేండ్లు తీగెలు భరించిన మా పిల్లకు ఇదియొక్కటే కష్టముగా తోచినది.