నాయన పంచె, మాల్‌లో ముద్ద



పోయిన నెల మన సంఘం మీటింగ్ అయినాక కాఫీ తాగుతా ఉంటే ఒకాయన అడిగినాడు, "ఊరినుంచి పెద్దోళ్లు వస్తే మాల్‌కి భోజనానికి పిల్చుకొని పోవచ్చునా? ఆ తిండి వాళ్లకు పడదంటారే" అని. అప్పుడు జవాబు చెప్పేంత తీరిక లేకపోయింది. రెండు మూడేండ్లుగా మా అమ్మానాయనలను తీసుకుపోతా ఉన్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

మాల్‌లో మన పెద్దోళ్లకు పడనిది తిండి కాదు. మా అమ్మనే చూడండి. డెబ్బై దాటింది. పావగడ సంత, శనిమహాత్మ గుడి, ఏడాదికొకసారి నాగలమడికె తేరు, అంతే ఆమె తిరుగుడు. మొదటిసారి నూడుల్స్ పెట్టిస్తే, "ఒత్తుశావిగ మాదిరే ఉండాది, కారం చాల్లేదు" అని ప్లేటు ఖాళీ చేసింది. పిజ్జాను మాత్రం "కాలీ కాలని రొట్టె" అని పక్కకు తోసింది. అది రుచికి సంబంధించిన మాట. భయం కాదు.

నాయనది వేరే కథ.

2024 జూలైలో మాగడి రోడ్డు జి.టి. మాల్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కొడుకుతో సినిమాకి వచ్చిన హావేరి వైపు రైతును, పంచె కట్టుకున్నాడని లోపలికి పోనియ్యలేదు. విధానసభ దాకా పోయి, ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు దినాలు మూయించింది. ఆ పెద్దాయనకు సన్మానం కూడా చేసినారు. మనమంతా న్యాయం జరిగింది అనుకొని మర్చిపోయినాము. నాయన మర్చిపోలేదు. ఆ తర్వాత బెంగళూరుకు వచ్చేటప్పుడు సంచిలో ఒక ప్యాంటు పెట్టుకొని వచ్చినాడు. నా పెండ్లికి కూడా ప్యాంటు వేయని మనిషి! మా ఆవిడ చూసి, "ఇదేంది మామా?" అంటే, "ఆడ అడుగుతారంట గదమ్మా" అన్నాడు. మాల్ మూయించింది ఏడు దినాలే. ఆ వార్త మాత్రం ఎన్ని ఊర్లలో ఎన్ని పంచెలను ఇంట్లో కూర్చోబెట్టిందో ఎవరు లెక్క కడతారు?

ప్యాంటు తీసి లోపల పెట్టించినాము. పంచెతోనే పోయినాము. గేటు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. కష్టం లోపల మొదలైంది.

నాయన పాల సొసైటీలో ఇరవై ఏండ్లు లెక్కలు రాసినాడు. మన అందరిలాగే ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడ. రెండు భాషల్లో ఎవరితోనైనా వాదించి గెలవగలడు. ఆ హోటల్లో మెనూ అంటూ చేతికి ఇచ్చేది ఏమీ లేదు. టేబుల్ మీద ఒక నలుపు తెలుపు చతురస్రం, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేయాల. తెరిస్తే అంతా ఇంగ్లీషు. నీళ్లు తెచ్చిన పిల్లోడికి వచ్చింది హిందీ. తప్పు ఆ పిల్లోడిది కాదు, వాడూ పొట్ట కోసం ఎంతో దూరం నుంచి వచ్చినోడే. కానీ ఊర్లో పంచాయితీ చెప్పే మనిషి, నా కొడుకు ఫోన్‌లో బొమ్మలు చూసి, "నీకేది బాగుంటే అదే చెప్పు నాయనా" అన్నాడు. ఇంట్లో అందరికీ పెట్టే మనిషి, పెట్టింది తినే మనిషి అయిపోయినాడు.

ఇంకోసారి ఫుడ్‌కోర్టుకు పోయినాము. ఆ దినం ఖర్చు తనదేనని ముందే చెప్పినాడు. మా పొలం తిరుమణి వైపు సోలార్ పార్కులో ఉంది. 2050 మెగావాట్లు, సుమారు 13,000 ఎకరాలు. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలుపెట్టి, రెండేండ్లకొకసారి ఐదు శాతం పెంచే లెక్కన గుత్తకు తీసుకున్నారు. వానకు ఎదురుచూసి బుడ్డలు విత్తే బాధ తప్పింది. చేతిలో పని కూడా తప్పింది. ఆ దుడ్డు బ్యాంకు నుంచి తీసి, మడిచి జేబులో పెట్టుకొచ్చినాడు. కౌంటర్లో, "క్యాష్ తీసుకోము, కార్డు గానీ ఫోన్ గానీ" అన్నారు. ఐదు వందల నోట్లు చేతిలో పట్టుకొని కొంచెంసేపు నిలబడి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. దారంతా మాట్లాడలేదు. రాత్రి ఆ నోట్లు మా ఆవిడ చేతిలో పెట్టి, "పిల్లోళ్లకు ఏమన్నా తెచ్చియ్యి" అన్నాడు.

అప్పటినుంచి మేము హోటలు వెదికే పద్ధతి మారింది. రుచికి ఎన్ని స్టార్లు అని చూడం. మనిషి వచ్చి ఆర్డరు రాసుకుంటాడా, కన్నడం మాట్లాడేవాళ్లు ఒకరన్నా ఉన్నారా, నోట్లు తీసుకుంటారా అని ముందే ఫోన్ చేసి అడుగుతాము. వారం మధ్యలో పోతాము. ఆదివారం సాయంత్రం అయితే పిలిచినా పలికేవాడు ఉండడు.

అట్లా దొరికిన ఒకచోట మెనూలో రాగిముద్ద ఉంది. నాయన మొహం వెలిగింది. కన్నడంలో తానే అడిగి తెప్పించుకున్నాడు. రెండు చిన్న ముద్దలు, సొప్పు సారు, 320 రూపాయలు. "గోలీ మాదిరి ఉండాదే" అని నవ్వి లెక్క మొదలుపెట్టినాడు. 2024-25లో రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,290. అంటే కిలో 43 రూపాయలు కూడా లేదు. కిలో పిండికి మా ఇంట్లో ఎనిమిది ముద్దలైనా అవుతాయి. "ఏసీకి ఎంత, బాడుగకు ఎంత, రైతుకు ఎంత?" అని మనవరాలితో భాగారం చేయించినాడు. ఆ పాప స్కూల్లో కూడా అంత శ్రద్ధగా చేయదు.

బిల్లు వచ్చింది. పాత అలవాటు, వరుసవరుసా చదివినాడు. కేంద్రం రెండున్నర, రాష్ట్రం రెండున్నర, జీఎస్టీ ఐదు శాతం సరే. దాని పైన సర్వీస్ చార్జి పది శాతం. ఇదేమిటని నన్ను అడిగినాడు. చెప్పినాను: అది పన్ను కాదు, హోటలు వేసుకునేది. బలవంతంగా బిల్లులో కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల ప్రాధికారం చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది, ఒప్పుకోకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. ఇవి మీరూ గుర్తుపెట్టుకోండి.

నేను లేవబోతే చేత్తో ఆపినాడు. మేనేజరును తానే పిలిచి, గొంతు పెంచకుండా, సొసైటీలో మాట్లాడే కన్నడంలో మాట్లాడినాడు. మేనేజరు "సరి యజమాన్రే" అని కొత్త బిల్లు తెచ్చిచ్చినాడు. నాయన నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, వడ్డించిన పిల్లోడిని దగ్గరికి పిలిచి చేతిలో వంద రూపాయలు పెట్టినాడు. "ఇది నీకు. బిల్లులో రాసేది కాదు" అన్నాడు. వాడికి తెలుగు రాదు, అయినా అర్థమైంది.

వచ్చే నెల మళ్లీ వస్తారు. పక్క టేబుల్లో పొగలు కక్కుతా తెచ్చినారే, ఆ ప్లేటు కావాలంట అమ్మకు. సిజ్లర్ కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నచోట ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.