పాటకు ఆడే దీపాలు

అమెరికాలో ఒహైయో రాష్ట్రంలో మేసన్ అని ఒక ఊరుంది. సిన్సినాటి నుంచి కారులో అరగంట ప్రయాణం. మా అమ్మాయి కాపురం అక్కడే. క్రితం డిసెంబరులో నేనూ మా ఆవిడా ఆ ఊళ్ళోనే ఉన్నాం. ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. బయట ఎముకలు కొరికే చలి. ఒకనాటి సాయంత్రం మా మనుమడు, "దీపాలు చూచి వద్దాం రా, తాతయ్యా!" అన్నాడు.

మన దసరా పందిళ్ళు చూచిన కళ్ళకు ఇక్కడి క్రిస్మస్ దీపాలు ఏపాటి అనుకుంటూనే బయలుదేరాను. ఒక వీధిలో కార్లు బారులు తీరి ఉన్నాయి. ఎదుట ఒక ఇల్లు. చూరు, కిటికీలు, తోటలో చెట్లు, అన్నింటి నిండా దీపాలు గంతులు వేస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"పాటేదిరా? మూగనాటకంలా ఉందే!" అంది మా ఆవిడ.

అల్లుడు పచ్చికలో పాతిన పలకమీది అంకె చూచి కారు రేడియో తిప్పాడు. అంతే! డోలు దెబ్బ దెబ్బకూ ఒక చెట్టు వెలిగింది. వయొలిన్ కమాను లాగినంతసేపూ చూరు పొడవునా వెలుగు పాకింది. పాట గుక్క తిప్పుకుంటే ఇల్లంతా చీకటి. ఇంటివారి దగ్గర చిన్న ఎఫ్.ఎం. ప్రసార యంత్రం ఉందట. దాని పాట 200 అడుగుల మేరకే వినిపిస్తుంది. పక్కింటి పసిబిడ్డ నిద్రకు భంగం లేదు. మా వీధిలో పెళ్ళంటే తెల్లవార్లూ మైకుసెట్టే. ఈ యుక్తి మా వీధికి ఎవరు తెచ్చినా సరే, వారికి శాలువా కప్పిస్తాను.

"లోపల కూర్చుని ఎవరు మీటలు నొక్కుతున్నారు?" అని అడిగాను. మావాడు నవ్వి, ఇంటికి వెళ్ళాక కంప్యూటరులో చూపించాడు. 'ఎక్స్‌లైట్స్' అనే సాఫ్ట్‌వేరు, డబ్బివ్వక్కరలేదు. తెరమీద పైన పాట అలలుగా కనిపిస్తుంది. కింద ఒక్కొక్క దీపాల తీగకూ ఒక్కొక్క వరుస. సెకనును 20 ముక్కలు చేస్తే 3 నిమిషాల పాటకు వరుసకు 3,600 గళ్ళు. పాట వింటూ తాళానికి మీట కొడుతూ పోతే ఆ చోట్లు గుర్తుంచుకుంటుంది. ఏ గడిలో ఏ తీగ, ఎంత కాంతితో వెలగాలన్నది మాత్రం మనం ఓపికగా నింపుకోవాలి.

నా చిన్నతనంలో మా ఊరి ఉత్సవాలకు కరెంటు పనివాడు చెక్క డోలుకు రాగిరేకులు కొట్టి, మోటారుతో తిప్పి, సీరియల్ బల్బులను పరుగెత్తించేవాడు. రేకు తగిలితే వెలుగు, తప్పితే చీకటి. ఇదీ అలాంటిదే. కాకపోతే ఆ డోలుకు పాట తెలియదు.

"ఈ వేడుకకు పేరు తెచ్చింది ఈ ఊరే, మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు. 2004లో ఇక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరొకరు 16,000 దీపాలను 88 భాగాలు చేసి, 'లైట్-ఓ-రామా' పరికరాలతో 'విజార్డ్స్ ఇన్ వింటర్' అనే బాణీకి ఆడించారు. మరుసటి ఏడు ఆ వీడియో దేశమంతా పాకింది. జనం విరగబడి వచ్చారు. 2005 డిసెంబరులో ఆ దాపునే కారు ప్రమాదం జరిగింది. ఈ కార్ల రద్దీలో పోలీసులకు అక్కడికి చేరడం కష్టమైంది. ఆయన ఆ ప్రదర్శన ఆపివేశారు.

మావాడి ముఖం చిన్నబోయింది. మా ఇంటికి 8 తీగలు కట్టాలని వాడు నెలరోజులుగా గళ్ళు నింపుతున్నాడు. ఎదురింటి పెద్దాయనకు గుండెజబ్బు. రెండు నెలల్లో రెండుసార్లు అంబులెన్సు వచ్చింది. అందుకే అల్లుడు వద్దంటున్నాడు.

"అడగందే అమ్మయినా పెట్టదు. వెళ్ళి అడుగుదాం పద!" అని మా ఆవిడ సున్నుండల డబ్బా పట్టుకుని వాడివెంట బయలుదేరింది. నాకు నమ్మకం లేదు.

అరగంటకు తిరిగి వచ్చారు. వీధిలో కార్లు ఆగకూడదు, తొమ్మిది దాటకూడదు అని ఎదురింటావిడ షరతులట. పెద్దాయన మాత్రం పడకగది కిటికీలోంచి ఏమేం కనిపిస్తాయని అడిగాడట.

మావాడు పలక పాతలేదు. పాతిక డాలర్లలోపు రేడియో ఒకటి కొనిపించి, అంకె తిప్పి, ఎదురింట్లో ఇచ్చి వచ్చాడు. మర్నాటి సాయంత్రం పాట మొదలుపెట్టేసరికి ఆ కిటికీ తెర తొలగి ఉంది. తొమ్మిదికి ఒక నిమిషం ఉందనగా దీపాలు ఆర్పేశాం. ఎదురింటి పడకగది బల్బు రెండుసార్లు ఆరి వెలిగింది.

"తాతగారు మళ్ళీ వేయమంటున్నారేమో!" అంది మా ఆవిడ.

"తొమ్మిదయింది, అమ్మమ్మా" అన్నాడు వాడు.