స్థూలకాయుడూ - సైకిలూ

లావుపాటి మనిషి రైలెక్కితే ఎవరూ తిరిగి చూడరు. బస్సెక్కితే పక్కవాడొక్కడు గొణుక్కుంటాడు. సైకిలెక్కితే మాత్రం వీధి వీధంతా ఆగి చూస్తుంది. మనిషి మీద జాలి కాదు సుమండీ, సైకిలు మీద జాలి!

సైకిలు కొన్ననాటికి నా బరువు 108 కిలోలు. చక్కెరవ్యాధి పలకరించింది. మోకాళ్ళు నడకకు ఒప్పుకోవు. "సైకిలు తొక్కండి. ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది, మోకాళ్ళకు అంత శ్రమ ఉండదు" అన్నారు డాక్టరుగారు. "ఆ సన్నపు చక్రాలు మిమ్మల్ని మోస్తాయటండీ?" అంది మా ఆవిడ.

న్యాయమైన సందేహమే. కాని పాలవాణ్ణి చూడండి. అటో క్యానూ ఇటో క్యానూ తగిలించి, మధ్య తానూ ఎక్కి పోతుంటాడు. ఆ సైకిలు కిక్కురుమనదు. రహస్యమల్లా వెనక చక్రంలో ఉంది. పాతకాలపు నల్ల సైకిళ్ళకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులుండేవి. బరువులో పెద్ద వాటా వెనక చక్రానిదే గనుక ఆ ఏర్పాటు. ఇప్పటి సోకు సైకిళ్ళు కొన్ని 24, 28 స్పోకులతోనే వస్తున్నాయి. బక్కపలచటి కుర్రవాడికవి చాలు. నాబోటివాడికి చాలవు.

నా కొత్త సైకిలుకు రెండు నెలల్లో మూడు స్పోకులు తెగాయి. అన్నీ వెనక చక్రానివే, అన్నీ హబ్బు దగ్గరి వంపులోనే. మా పేట సైకిలు షాపు ముసలాయన చక్రం తిప్పి చూసి, "మాస్టారూ, తప్పు మీ బరువుది కాదండీ, బిగువు చాల్లేదు. నేలవైపు వచ్చినప్పుడల్లా స్పోకు కాస్త వదులై, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. అసలే వదులుగా ఉన్నది అలా ఆడి ఆడి తెగుద్ది" అన్నాడు. గట్టి రిమ్ము వేసి, 36 స్పోకులు ఎక్కించి, తంబురా శ్రుతి చేసినట్టు ఒక్కొక్కటే మీటి బిగించాడు. ఏడాదిన్నరయింది, ఒక్కటీ తెగలేదు.

తరవాత టైరు. డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. కొడుకు మూడు చక్రాల బండికి కుదుపు తగ్గించాలని మొదలుపెట్టిన పని అది. మనల్ని మోసేది ఆ గాలే. అంచేత ఫోర్కులో ఇమిడేంత వెడల్పు టైరు వేయించుకోవాలి. వారం వారం గాలి చూసుకోవాలి. గాలి తగ్గితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము కింద నలిగి, పాముకాటులాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఇక తొక్కే విద్య. కాళ్ళు నేలకానాలని సీటు దించుకుంటారు చాలామంది. మోకాళ్ళకు అంతకన్న శత్రువు లేదు. పెడలు కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. అది సరైన ఎత్తు. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందుభాగంతో తొక్కాలి. వంతెన ఎక్కేటప్పుడు బలప్రదర్శన వద్దు. గేర్లుంటే, ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం మీద గొలుసు వేసుకుని తేలిగ్గా గబగబా తిప్పాలి. గుంత వస్తే పెడళ్ళు సమంగా ఉంచి, మోచేతులూ మోకాళ్ళూ కాస్త వంచి సీటు మీంచి లేవాలి. కూలబడి ఉంటే దెబ్బంతా వెనక చక్రానికీ, మన నడుముకీను. బరువున్న బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. కాబట్టి రెండు బ్రేకులూ ముందుగానే, మెల్లిగా పట్టాలి.

ఇంతా చేసి నేను తగ్గింది ఆరు కిలోలే. అయితేనేం, డాబా మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. మా ఆవిడ కూరల సంచీ కూడా క్యారియరుకు కట్టి పంపిస్తోంది.

మీ ఇంట్లో లావుపాటి నాన్నగారో, మామయ్యగారో సైకిలు కొనుక్కుంటానంటే నవ్వకండి. కూడా షాపుకు వెళ్ళి, వెనక చక్రానికి స్పోకులెన్నో లెక్కపెట్టండి.