కంట్లో ప్రాణవాయువును చూసిన ఊరు

కుళాయి తిప్పగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన! 'ఛీ, ఇవేం నీళ్లే?' అంటూ ముక్కు మూసుకుని బయటికొచ్చేసింది అమ్మ. ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్‌లో మా మొదటి రోజు అలా మొదలైంది. ఇక్కడ ఇళ్లలో నీళ్లు కాచే పనుండదు. భూమి లోపల కాగిన నీళ్లే గొట్టాల్లో వచ్చేస్తాయి. వాటితోపాటే గంధకం వాసనా. మనం బాత్‌రూముల్లో పెట్టుకునే 'గీజర్' మాట పుట్టింది కూడా ఈ దేశంలోనే. గేసిర్ అనే వేడినీటి ఊట పేరది. ఆ సంగతి చెబితే 'పేరు ఇచ్చారు సరే, వాసన వాళ్లే ఉంచుకున్నారు' అంది అమ్మ.

లండన్‌లో ఉండే అన్నయ్య సెలవులకి ఎక్కడికెళ్దామని అడిగినప్పుడు అందరూ స్విట్జర్లాండ్ అన్నారు. పట్టుబట్టి ఇటు లాక్కొచ్చింది నేనే. లండన్ నుంచి విమానంలో సుమారు మూడు గంటలు. కెఫ్లావిక్‌లో దిగి, అక్కడి నుంచి 50 కిలోమీటర్లు బస్సులో. దారి పొడవునా చల్లారిన లావా, దాని మీద పచ్చటి నాచు. చెట్టన్నది వెతుక్కోవాల్సిందే. మేం వెళ్లింది జూన్‌లో. రాత్రి పదకొండింటికీ ఎండ తగ్గదు, కర్టెన్లు లాగి పడుకోవాల్సిందే.

నా పట్టుదలకి కారణం అమ్మ కుడి కన్ను. ఆమెకి పద్దెనిమిదేళ్లుగా షుగరుంది. మూడేళ్ల క్రితం ఓ పొద్దున పేపర్ చదువుతుంటే సగం అక్షరాలు కనిపించలేదట. కళ్లజోడు తుడుచుకుంది. జోడు మార్చాలేమో అనుకుని వారం గడిపేసింది. కంటి వెనక ఉండే తెరలో, అదే రెటీనాలో, ఓ సిర మూసుకుపోయిందని తర్వాత తేలింది. కంట్లోకి సూదిమందు ఇచ్చారు. చూపు కొంత వచ్చింది కానీ ఆ కంటితో పేపర్ చదవడం మాత్రం కుదరడం లేదు. అప్పట్లో ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. మళ్లీమళ్లీ ఈ ఊరి పేరే తగిలింది.

రెండో రోజు హాల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చికి వెళ్లాం. ఎత్తు 74.5 మీటర్లు. లిఫ్టులో పైకెళితే ఊరంతా కాళ్ల కింద పరిచినట్టుంటుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రేకుల కప్పులు, వాటి వెనక సముద్రం, ఆ వెనక ఎస్యా కొండ. అందరూ సముద్రం వైపు ఫొటోలు తీసుకుంటుంటే నేను మాత్రం ఇటువైపు లాండ్‌స్పిటలి ఆసుపత్రి కోసం చూశాను. 1930లో మొదలైన ఆ ఆసుపత్రినీ ఈ చర్చినీ గీసింది గుద్యోన్ సాముయెల్సన్ అనే ఒకే వాస్తుశిల్పి. కిందికి దిగి నడిస్తే కొద్ది నిమిషాల దూరమే. లోపలికి వెళ్లే పని లేదు, బయటే కాసేపు నిలబడ్డాం. 'ఇది చూడ్డానికా ఇంత దూరం తెచ్చావ్?' అంది అమ్మ. అవును, ఇందుకే.

ఇక్కడి కంటి వైద్యుడు, ఐస్‌లాండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎయినార్ స్టెఫాన్సన్ బృందం, సూది గుచ్చకుండా కంటి రక్తనాళాల్లో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే కెమెరాను తయారుచేసింది. 2002లో దానికోసం ఆక్సీమ్యాప్ అనే సంస్థ పెట్టారు. అందులో ఒకరు యోన్ అట్లి బెనెడిక్ట్‌సన్. ఆయన డాక్టర్ కాదు. ఉపగ్రహాలు భూమిని తీసే ఫొటోలను విశ్లేషించే ఇంజినీరు. 2015లో అదే యూనివర్సిటీకి అధిపతి అయ్యారు. నదులనీ పొలాలనీ పైనుంచి చదివే విద్య కంటి లోపలి సన్నటి నాళాలకి పనికొచ్చిందన్నమాట!

ఒంట్లో రక్తనాళాలు కోత లేకుండా నేరుగా కనిపించేది రెటీనాలోనే. ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం ఎర్రగా మెరుస్తుంది, తగ్గిన రక్తం నల్లబారుతుంది. ఈ కెమెరా ఒకే క్షణంలో రెండు రంగుల కాంతుల్లో ఫొటో తీస్తుంది. 570 నానోమీటర్ల కాంతిని రెండు రకాల రక్తమూ ఒకేలా పీల్చుకుంటాయి. 600 దగ్గర మాత్రం ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎక్కువ పీల్చుకుని చీకటిగా కనిపిస్తుంది. రెండు ఫొటోలనీ పోల్చి లెక్కగట్టేస్తే సరి. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ధమనుల్లో దాదాపు 92 శాతం, సిరల్లో 55 శాతం వస్తుంది. ఆ తేడానే కన్ను వాడుకున్న ఆక్సిజన్.

కరోనా రోజుల్లో వేలికి పెట్టుకున్న క్లిప్పు గుర్తుందిగా? జపాన్ ఇంజినీరు తకువో అయోయగి 1970లలో కనిపెట్టిన ఆ పద్ధతికీ మూలం రెండు రకాల కాంతులే. కాకపోతే వేలు ఒళ్లంతటి సంగతి చెబుతుంది, కంటి సంగతి చెప్పదు. అమ్మ చూపు పోయిన వారంలో కూడా వేలి మీద 97 చూపించింది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. సిర మూసుకున్న కంట్లో ఆ సిరలోని ఆక్సిజన్ పడిపోవడం సహజమే. మరి షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ల సిరల్లో? మామూలు కంటే ఎక్కువ ఉంటుందట! మంచిదే కదా అనుకుంటాం. కాదు. గ్యాస్ బండి సిలిండర్లు దించకుండానే వీధి దాటి వెళ్లిపోయినట్టు, రక్తం ఆక్సిజన్‌ను అందాల్సిన చోట దించకుండా వెనక్కి తెచ్చేస్తోందన్నమాట.

అయితే ఈ కెమెరా ఇంకా ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. శుక్లం ఉంటే ఫొటో మసకబారి లెక్క తప్పుతుంది. ఐస్‌లాండ్‌వాళ్లు ఎక్కువమంది చూపు నిలబెట్టింది మాత్రం మామూలు పరీక్షతోనే. 1980 నుంచి షుగరున్నవాళ్లని పిలిచి క్రమం తప్పకుండా కళ్లు చూడటం మొదలుపెట్టారు. అప్పుడు వారిలో 2.4 శాతం మందికి చూపు లేదు. తర్వాతి దశాబ్దాల్లో అది 0.5 శాతం దగ్గరికి దిగింది. దేశ జనాభా మొత్తం నాలుగు లక్షలకి లోపే కాబట్టి పేరుపేరునా పిలవడం వారికి తేలికేమో. అయినా పిలిచారు కదా!

సాయంత్రం సముద్రం ఒడ్డున, స్టీలు పడవలా ఉండే సోల్ఫార్ శిల్పం దగ్గర కూర్చున్నాం. గడ్డపెరుగులాంటి స్కీర్ తింటూ అమ్మ ఓ కన్ను మూసి, రెండో కన్ను మూసి ఎస్యా కొండని చూస్తోంది. 'ఈ కంటికి కొండ ఉంది, ఆ కంటికి సగం కొండే' అని నవ్వింది. తర్వాత అన్నయ్యవైపు తిరిగింది. వాడికీ నాలుగేళ్లుగా షుగరే.

'నువ్వెప్పుడు చూపించుకున్నావురా కళ్లు?'

'రమ్మని రెండు ఉత్తరాలొచ్చాయమ్మా. సొరుగులో ఉన్నాయి.'

అమ్మ స్కీర్ గిన్నె పక్కన పెట్టి, వాడి ఫోను చేతికిచ్చి, ఫోన్ చేసేదాకా వాడిని బెంచీ మీంచి లేవనివ్వలేదు. అప్పటికి లండన్‌లో ఆఫీసులు మూసేశారు. మర్నాడు పొద్దున, ఆ కోడిగుడ్ల వాసనలోనే స్నానం చేసొచ్చి, మళ్లీ చేయించింది.