తెల్ల టవల్‌ని నమ్మను

మా హోట్గి రోడ్డు కార్ఖానాల్లో రంగుకు పేరు కన్నా నంబరే ముఖ్యం. మెరూన్ కావాలని ఎవరూ అడగరు, పాంటోన్ కార్డులో ఫలానా నంబరు అంటారు. డయ్యింగ్ మాస్టరు దాన్ని శాతాల్లోకి దించుకుంటాడు. రెండు శాతం షేడ్ అంటే నూరు కిలోల నూలుకు రెండు కిలోల రంగు. తెలంగాణ ఊళ్ల నుంచి సోలాపూర్‌కు వలసొచ్చిన పద్మశాలీల ఇళ్లలో ఈ లెక్కలు అన్నం దగ్గర కూడా నడుస్తాయి. నేను మాత్రం సాంచాల వైపు పోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. టవళ్లు, చద్దర్ల వీడియోలకు కలర్ గ్రేడింగ్ చేయడం నా పని. సోలాపూర్ చద్దరుకూ టెర్రీ టవల్‌కూ 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లు చేత్తో తాకకముందే వాటిని ఫోన్లో చూస్తున్నారు.

సేఠ్‌లు ఆరక్షరాల హెక్స్ కోడ్ ఒకటి పంపి, "గిదే కొట్టెయ్ తమ్మీ" అంటారు. బ్రోషర్లో ఒక గడి నింపాలంటే అది చాలు. వీడియోకు చాలదు. కెమెరా లాగ్‌లో తీసిన ఫుటేజీ వెలిసిపోయినట్టు ఉంటుంది. అందులో టవల్ అంకెలు ఒకటి, టీవీ తెరల ప్రమాణమైన రెక్ 709లోకి మార్చాక ఇంకొకటి. తన మీద పడ్డ వెలుగులో నూటికి 18 వంతులు తిప్పిపంపే గ్రే కార్డునే తీసుకోండి. రెక్ 709 లెక్కలో అది 41 శాతం దగ్గర నిలుస్తుంది, కంప్యూటర్ తెరల ఎస్ఆర్‌జీబీ లెక్కలో 46 దగ్గర. కార్డు అదే. అందుకే నంబరు చేతికి రాగానే అది ఏ లెక్కలోదని అడుగుతాను. ఈ ప్రశ్నకు చాలామంది సేఠ్‌లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

షూటింగులో ప్రతి టవల్ పక్కనా 24 గళ్ల కలర్ చార్టు ఉండాల్సిందే. 1976లో మెక్‌బెత్ వాళ్లు తెచ్చిన చార్టు అది. దాని ఎర్రగడికి ఎస్ఆర్‌జీబీలో ప్రచురించిన విలువ 175, 54, 60. ఆ గడి తన చోటికి దగ్గరగా రానంతవరకు పక్కనున్న ఎర్ర టవల్ జోలికి పోను. బూడిద గళ్లతో వెలుగూ వైట్ బ్యాలెన్సూ కుదిరాకే రంగు గళ్లు చూస్తాను. టవల్ ఒక్కదాన్ని క్వాలిఫయర్‌తో విడదీసి, వెక్టర్‌స్కోప్ చూస్తూ రవ్వంత తిప్పడం అన్నిటికన్నా ఆఖరు.

టెర్రీతో వచ్చే చిక్కు దాని కుచ్చులే. ఐడ్రాపర్‌తో ఒక కుచ్చు కొస మీద నొక్కితే ఒక అంకె, రెండు కుచ్చుల సందులో నొక్కితే దానికి సగం. చేత్తో ఒకవైపు నిమిరితే మొత్తం ముదురవుతుంది, ఎదురు నిమిరితే లేతబడుతుంది. అంచు దగ్గర కుచ్చులు లేని చదును పట్టీ ఉంటుంది కదా, అదే నూలుతో నేసినా దాని అంకె వేరే. అందుకని ఒక నోడ్‌లో బాగా బ్లర్ వేసి, కుచ్చులూ సందులూ కలిసిపోయాక వచ్చే సగటు చూసుకుని, తర్వాత ఆ బ్లర్ తీసేస్తాను. జకార్డ్ చద్దర్లో అంత పేచీ ఉండదు.

అన్నిటికన్నా మోసకారి తెల్ల టవల్. కుర్రాళ్లు దాని మీదే వైట్ బ్యాలెన్స్ కొడతారు. హోటళ్లకు పోయే తెల్ల టవళ్లకు ఆప్టికల్ బ్రైటనర్ పట్టిస్తారు. అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలిగా వెలుగుతుంది. ఎండలో ఆ టవల్ నీలి తెలుపు. దాన్ని చూసి బ్యాలెన్స్ కొడితే మోడల్ ముఖం పసుపు తిరుగుతుంది. అతినీలలోహితం దాదాపు లేని ఎల్‌ఈడీ కింద అదే టవల్ చప్పబడిపోతుంది.

మా డయ్యింగ్ మాస్టరు మామ ఓసారి రెండు ముక్కలు తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు.

"ఇవి రెండూ ఒక్కటేనా, చెప్పు."

"ఒక్కటే మామా."

"ఇప్పుడు పసుపు బల్బు కిందికి పట్టు."

ఒకటి ఎర్రబారింది. రంగుల కలయిక వేరైతే ఇంతే: ఒక దీపం కింద జోడీ, ఇంకో దీపం కింద కాదు. కెమెరా కన్ను మన కన్ను కూడా కాదు కాబట్టి తెర మీద ఈ తేడా ఇంకోలా బయటపడుతుంది. అప్పటినుంచి షూటింగుకు పోతే స్లేటు మీద దీపం పేరు కూడా రాయిస్తున్నాను.

టర్కాయిస్ ఒక్కటి మాత్రం ఎంత చేసినా తెరకెక్కదు. రాగి కలిసిన థాలోసయనిన్ రంగు అది. నిండుగా అద్దితే రెక్ 709 పరిధి దాటిపోతుంది. చార్టులోని సయాన్ గడే ఎస్ఆర్‌జీబీలో ఇమడదు, టవల్ ఎట్లా ఇముడుతుంది? ఎరుపు ఛానెల్ సున్నాకు దిగి అక్కడే ఆగుతుంది, ఇంకా లాగితే రంగు నీలంలోకి జారిపోతుంది. నేను జారనివ్వను. నిండుదనం తగ్గించైనా ఆకుపచ్చ ఛాయ నిలబెడతాను. "డల్ అయింది" అని సేఠ్ గొణుగుతాడు. వెనక గోడను బూడిద వైపు దించితే టవల్‌కు కొంత ప్రాణం వస్తుంది, అంతవరకే నా చేతిలో ఉంది. షేడ్ ఒప్పుకోవడానికి మాత్రం వీడియో చూడొద్దు, గుడ్డ ముక్క కొరియర్ చెయ్యమని చెప్తాను. ఆ ముక్కకు కట్టే చీటీ మీద మామే రాస్తాడు, పగటి వెలుగును పోలిన డీ65 దీపం కింద చూడాలని.